వినకముందే తీర్పు వద్దు



 పిల్లల చదువు, ఇంటి ఖర్చు, అత్తాకోడళ్ళ సఖ్యత అంటూ ప్రతి నెలా ఏదో ఒక ఇంటి విషయము మాట్లాడుకొనే ఈ పేజీలో ఈసారి ఒక పాటల ఆల్బము గురించి వ్రాస్తున్నాము. వింతగా తోస్తే మన్నించండి. ఇదియూ ఇంటి విషయమే. చివరి వరకు చదివితే మీకే తెలుస్తుంది.

ఈ మధ్య మాతో మాట్లాడే తల్లిదండ్రుల నోట ఒకే మాట తరచుగా వినబడుతున్నది. "మా అబ్బాయి చెవులలో ఆ తీగెలు పెట్టుకొని కూర్చుంటాడు. ఏమి వింటున్నాడో తెలియదు. పిలిస్తే పలకడు. మీరైనా ఒక మాట వ్రాయండి" అంటున్నారు. వ్రాయాలనే అనుకొన్నాము. గట్టిగా మందలించే మాటలు నాలుగు మనసులో సిద్ధము చేసికొన్నాము కూడా. అంతలో చంద్రశేఖరపురము వెళ్ళవలసి వచ్చింది. ఆ మందలింపు ముందుగా మాకే అవసరమని అక్కడ తెలిసింది.

కంది కోతలు ముగిసిన రోజులవి. ఆ ఊరిలో మాకు తెలిసిన ఒక విశ్వాసుల కుటుంబమువారు కొత్త ఇల్లు కట్టుకొని కృతజ్ఞత కూడిక పెట్టుకొన్నారు. కనిగిరి మీదుగా బస్సులో వెళ్ళి సాయంత్రానికి చేరాము. ఇంటి యజమాని రైతు, సంఘములో పెద్ద. మాట తక్కువ, పని ఎక్కువ. ఆయన తల్లి, భార్య, డిగ్రీ చదువుతున్న కుమారుడు, ఇంతే కుటుంబము. కూడిక చక్కగా జరిగింది. పాటలు పాడారు, ప్రార్థన చేశారు, అందరికీ భోజనము పెట్టారు. కాని ఆ ఇంటిలో ఏదో ఒక ముల్లు ఉన్నదని వచ్చిన గంటలోనే గ్రహించాము. తండ్రీ కొడుకులు ఒకరితో ఒకరు మాట్లాడటము లేదు. తండ్రి కూర్చున్న చోట కొడుకు కూర్చోడు. ఏదైనా చెప్పవలసి వస్తే నడుమ తల్లి దూత.

విషయము ఆమె ద్వారానే తెలిసింది. ఆ అబ్బాయి మూడేళ్ళుగా ఆరాధనలో కీబోర్డు వాయించేవాడు. మొన్నటి క్రిస్మసు ఆరాధనలో ఒక పాత కీర్తన పాడుతుండగా వీడు దాని క్రింద తాను కొత్తగా నేర్చుకొన్న కార్డులు వేశాడట. కార్డు అనగా మూడు నాలుగు మెట్లు ఒకేసారి నొక్కితే వచ్చే స్వరముల కూర్పు. ఎప్పుడూ వినే కూర్పు కాక వేరొకటి వినబడేసరికి ముందు వరుసలోని అవ్వలకు శ్రుతి తప్పింది. రెండవ చరణములో సగము మంది ఆగిపోయారు. మూడవ చరణము పాస్టరుగారు ఒక్కరే పాడారు. ఆరాధన తరువాత పెద్దలు కూర్చొని, "కొంతకాలము నీవు కీబోర్డు ముట్టవద్దు" అన్నారు. ఆ మాట అన్న పెద్దలలో సొంత తండ్రి కూడా ఉన్నాడు. అప్పటినుండి అబ్బాయి గుడికి రావటము తగ్గించాడు. వచ్చినా వెనుక గోడకు ఆనుకొని నిలబడి ముగింపు ప్రార్థనకు ముందే వెళ్ళిపోతున్నాడు.

ఆ రాత్రి భోజనాలైన తరువాత అందరము మిద్దె మీద మంచాలు వేసికొని కూర్చున్నాము. అబ్బాయి ఒక మూలన చెవులలో ఇయర్ ఫోన్లు పెట్టుకొని ఆకాశము చూస్తున్నాడు. తండ్రి ఉండబట్టలేక మాతో అన్నాడు.

"అయ్యగారూ, మీరే అడగండి. నేనడిగితే వానికి కోపం. ఏందా గోల? పల్లవి లేదు, చరణం లేదు. సినిమా పాటయితే కనీసం ఏం పాడుతున్నారో అర్థమయ్యిద్ది."

మేము అబ్బాయి దగ్గరకు వెళ్ళి కూర్చున్నాము. "ఏమి వింటున్నావు బాబూ?" అని అడిగాము. అతడు ఏమియు చెప్పలేదు. ఒక చెవిలోనిది తీసి మా చేతికి ఇచ్చాడు. "వినండయ్యా" అన్నాడు.

చదువరులారా, ఉన్నది ఉన్నట్లు చెప్పుతాము. మొదటి ఐదు నిమిషములు మాకు నచ్చలేదు. ఎక్కడ తాళము వేయాలో చేతికి తెలియలేదు. ఇది పాటయా, పాటకు ముందు శ్రుతి చేసికొనుటయా అనిపించింది. ఇయర్ ఫోను తీసి తిరిగి ఇచ్చివేయబోయాము. అప్పుడే లోపల ఒక తీగె వాద్యము పలికింది. చిన్న స్వరము, చురుకైన స్వరము. అది మెలికలు తిరిగి దిగిన తీరు మన చెవికి కొత్త కాదు. ఆ దిగుడు మన రాగములలోనిది. దాని వెనుక గిటారు నాదము తెల్లవారుజామున చెరువు మీద పరచుకొన్న మంచువలె ఆగక నిలిచియున్నది. రెండూ రెండు దేశములవి. అయినా కొట్లాట లేదు. ఒకటి మాట్లాడుతుంటే ఒకటి వింటున్నది.

"ఇది ఎవరిది?" అని అడిగాము.

"డ్రీమ్ అనే ఆల్బమ్ అయ్యా. 1995లో వచ్చింది, నేను పుట్టకముందే. నేను ఇండీ పాప్ అని, సినిమాలకు గాక సొంతగా చేసికొనే పాటలు వింటుంటాను. వాటిలో జాజ్ కార్డులు వేసేవి నాకిష్టం. అట్లా ఒకదాని నుండి ఒకదానికి పోతుంటే ఇది దొరికింది. ఆ వాయించేది మాండలిన్. వాయించినాయన మనవాడే. పాలకొల్లు."

పాలకొల్లు అన్న మాట వినగానే, అంతవరకు అటు తిరిగి పడుకొన్న తండ్రి ఇటు తిరిగాడు. "పాలకొల్లా?" అన్నాడు. రెండు నెలల తరువాత కొడుకుతో నేరుగా ఆడిన మొదటి మాట అదేనని తల్లి తరువాత మాతో చెప్పింది.

ఆ రాత్రి చాలా సేపు మాట్లాడుకొన్నాము. అబ్బాయి చెప్పినవి, ఇంటికి వచ్చిన తరువాత మేము చదివి తెలిసికొన్నవి కలిపి మీకు వివరిస్తాము.

ఆ వాద్యకారుడు ఉప్పలపు శ్రీనివాస్. 1969లో పశ్చిమ గోదావరి జిల్లా పాలకొల్లులో పుట్టాడు. తండ్రి సత్యనారాయణగారు క్లారినెట్ వాయించేవారు. ఇంటిలో ఉన్న మాండలిన్‌ను ఆరేండ్ల ప్రాయములో ఈ పిల్లవాడు చేతికి తీసికొన్నాడు. తండ్రి గురువుగారైన రుద్రరాజు సుబ్బరాజుగారు పిల్లవానిలోని వరమును గుర్తించి నేర్పుటకు ఒప్పుకొన్నారు. ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. ఆ గురువుగారికి మాండలిన్ వాయించుట రాదు. మరి ఎట్లు నేర్పారు? ఆయన పాడేవారు, పిల్లవాడు విని అదే స్వరము తీగె మీద పలికించేవాడు. వ్రేలు ఇక్కడ పెట్టు, అక్కడ పెట్టు అని చూపించే వారు లేరు. చెవి ఒక్కటే దారి. గురువు గొంతులో వణుకు ఉంటే తీగెలోను వణుకు రావాలి. గురువు నిట్టూర్పు విడిస్తే తీగెయు నిట్టూర్చాలి.

1978లో గుడివాడలో త్యాగరాజ ఆరాధనోత్సవములలో తొలి కచేరి చేసినప్పుడు ఆ పిల్లవానికి తొమ్మిదేండ్లు. తరువాత మద్రాసు సభలకు వెళ్ళాడు. మాండలిన్ ఇటలీ దేశపు వాద్యము. మన వాళ్ళు దానిని సినిమా పాటలలో విన్నారే గాని కచేరి వేదిక మీద ఎరుగరు. దీనిమీద మన రాగము పలుకుతుందా అని సందేహించిన పెద్దలు ఉన్నారు. వారి సందేహము ఊరకే పుట్టినది కాదు. ఆ వాద్యమునకు జంటలు జంటలుగా ఎనిమిది తీగెలు. మీటిన స్వరము వెంటనే చచ్చిపోతుంది. మన సంగీతములో స్వరము సాగాలి, ఊగాలి, ఒకదానిలోనుండి ఒకటి జారాలి. అందుచేత శ్రీనివాస్ జంట తీగెలు విడిచి ఐదు విడి తీగెలు గల ఎలక్ట్రిక్ మాండలిన్ పట్టాడు. అప్పుడు స్వరము నిలిచింది, ఊగింది. సందేహించినవారే ముందు వరుసలో కూర్చొని విన్నారు.

1983లో, పదునాలుగేండ్ల వయసులో, బెర్లిన్ నగరపు జాజ్ ఉత్సవములో వాయించాడు. పాలకొల్లు పిల్లవానికి జాజ్ ఉత్సవములో ఏమి పని అని మీరు అడుగవచ్చును. జాజ్ అనే సంగీతములో వాయించేవాడు వ్రాసిన స్వరములనే అప్పజెప్పడు. పాటను గుండెలో ఉంచుకొని, ఆ క్షణములో తోచిన దానిని దాని చుట్టూ అల్లుతాడు. మన విద్వాంసులు దీనినే మనోధర్మము అంటారు. కనుక ఆ వేదిక మీద అతడు పరాయివాడు కాలేదు. తరువాత, జాజ్‌లో ప్రఖ్యాతుడైన ఆంగ్లేయ గిటారు వాద్యకారుడు జాన్ మెక్‌లాక్లిన్‌తో కలిసి రిమెంబర్ శక్తి అనే బృందములో దేశదేశములు తిరిగాడు. 1998లో పద్మశ్రీ వచ్చింది. 2014 సెప్టెంబరు 19న, నలుబది ఐదేండ్లకే, చెన్నైలో కన్ను మూశాడు.

ఇక ఆ అబ్బాయి వినిపించిన ఆల్బము. దానిలో శ్రీనివాస్‌తో కలిసి పని చేసినవాడు మైకేల్ బ్రూక్ అనే కెనడా దేశస్థుడు. ఈయన గిటారుకు ఒక విశేషము కనిపెట్టాడు. ఒకసారి మీటిన స్వరము ఎంతసేపు కావాలంటే అంతసేపు ఆరిపోకుండ నిలిచియుండే ఏర్పాటు అది. మేము ఆ మిద్దె మీద విన్న మంచువంటి నాదము అటువంటిది. చూడండి! ఒకరిది త్వరగా ఆరిపోయే తీగె, ఒకరిది ఆరిపోని తీగె. ఒకరి కొరత మరొకరు తీర్చుకొన్నారు. ఆ ఆల్బమును వెలువరించినది రియల్ వరల్డ్ అనే సంస్థ. ఇంగ్లండులో బాక్స్ అనే పల్లెటూరిలో పాత మరను స్టూడియోగా మార్చుకొని, లోకములోని నానా జాతుల సంగీతములను రికార్డు చేస్తున్న సంస్థ అది. కచేరి సంగీతము వినేవారు ఆ ఆల్బమును తమది అనలేరు, పాప్ పాటలు వినేవారు తమది అనలేరు. ఏ అరలో పెట్టాలో అంగడివానికే తెలియదు. మా అబ్బాయికి నచ్చినది కూడా అదే. "నేను కూడా అంతేనయ్యా, ఏ అరలోను పట్టను" అన్నాడు. నవ్వుతూ అన్నాడు గాని ఆ నవ్వులో నొప్పి ఉన్నది.

అప్పుడు అవ్వ నోరు తెరచింది. అంతవరకు నిద్రపోతున్నదని అనుకొన్నాము.

"వాళ్ళ తాత కూడా క్లారినెట్టే ఊదేవాడయ్యా" అన్నది.

మనుమడు లేచి కూర్చున్నాడు. అతనికి ఆ సంగతి తెలియదు. అవ్వ చెప్పుకొచ్చింది. తాత వయసులో ఉన్నప్పుడు బ్యాండు మేళములో క్లారినెట్ ఊదేవాడట. పెండ్లిండ్లకు, ఊరేగింపులకు ఈ చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగేవాడట. బాప్తిస్మము పొందిన తరువాత అప్పటి సంఘపెద్దలు, "జాతరలకు ఊదిన నోటితో గుడిలో పాడరాదు, అది వదిలిపెట్టు" అన్నారట. ఆయన మారు మాట అనలేదు. ఆ వాద్యమును గుడ్డలో చుట్టి పెట్టెలో పెట్టాడు. "మళ్ళీ తీయలేదయ్యా. కాని సాయంత్రం పూట వాకిట్లో కూర్చొని ఉత్త వేళ్ళు ఆడించుకుంటా ఉండేవాడు" అన్నది అవ్వ.

తండ్రి తల వంచుకొన్నాడు. ఆయనకు ఆ వేళ్ళు గుర్తున్నవి. చిన్ననాట చూచినవాడే కదా.

ఇక్కడ మనము తొందరపడి ఆనాటి పెద్దలను నిందించరాదు. మన ప్రాంతపు చరిత్ర ఒకసారి తలచుకొందము. 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిన సంగతి మన సంఘములలో పిల్లలకు కూడా తెలుసు. వారిలో అనేకుల ఇండ్లలో డప్పు ఉండేది. జాతరకు, ఊరేగింపుకు, చావుకు డప్పు కొట్టుట వారికి వంశపారంపర్యపు వెట్టి. పిలిచినప్పుడు పోకపోతే దెబ్బలు. విశ్వాసులైన తరువాత వారు జాతరలకు డప్పు కొట్టము అన్నారు. దానికై కష్టములు పడ్డారు. ఆ మాట అనగలుగుట వారికి ఒక విడుదల. వాద్యమును చూచి మన పెద్దలు భయపడ్డారంటే ఆ భయము వెనుక ఇంతటి కన్నీరు ఉన్నది. అయితే వెట్టి పోయిన తరువాత కూడా భయము మాత్రము మిగిలిపోయింది. విడుదల కొరకు చెప్పిన మాట, తరువాతి తరములో ఒకని వేళ్ళను కట్టివేసింది.

జాజ్ కథ కూడా ఇటువంటిదే. అబ్బాయి ఆ పేరు చెప్పినప్పుడు మాకు తాగుబోతుల హోటళ్ళు మాత్రమే తోచినవి. చదివిన తరువాత సిగ్గుపడ్డాము. ఆఫ్రికా నుండి బానిసలుగా అమెరికాకు తీసికొనిపోబడినవారి సంతతి నుండి పుట్టిన సంగీతమది. ప్రత్తి చేలలో పని చేస్తూ వారు పాడుకొన్న పనిపాటలు, దుఃఖములో పాడుకొన్న భక్తిగీతములు దానికి వేరు. న్యూ ఆర్లియన్స్ అనే పట్టణములో ఆదివారము నాడు బానిసలు ఒక మైదానములో కూడి వాయించుకొనేవారు. తరువాతి కాలములో అదే పట్టణములో ఎవరైనా చనిపోతే బ్యాండువారు సమాధి వరకు నెమ్మదిగా కీర్తన వాయిస్తూ వెళ్ళి, తిరిగి వచ్చేటప్పుడు హుషారైన పాట వాయించేవారు. దుఃఖమునకు దాని సమయము, నిరీక్షణకు దాని సమయము. ఆ వీధులలోనుండే ఇరువదవ శతాబ్దపు ఆరంభములో జాజ్ వచ్చింది. దాని చుట్టూ చెడ్డ స్థలములు కూడా ఉండెను, కాదనము. కాని దాని తల్లి ఆ స్థలము కాదు.

థామస్ డార్సీ అనే ఆయన కథ మీకు తప్పక చెప్పాలి. 1899లో జార్జియా రాష్ట్రములో ఒక బోధకుని ఇంట పుట్టాడు. యౌవనములో బ్లూస్ అనే లోకగీతములు పియానో మీద వాయించి పేరు పొందాడు. తరువాత మనసు మారి భక్తిగీతములు వ్రాయసాగాడు. అయితే ఆ చేతికి అలవాటైన ఊపు పోలేదు. సంఘములు అతని పాటలను రానివ్వలేదు. ఇది గుడి పాట కాదు అన్నారు. 1932లో ఆయన ఊరిలో లేని సమయమున భార్య ప్రసవములో చనిపోయింది. పుట్టిన బిడ్డ కూడా దక్కలేదు. ఆ దుఃఖములో పియానో ముందు కూర్చొని వ్రాసిన పాట "టేక్ మై హ్యాండ్, ప్రెషస్ లార్డ్". ఒకప్పుడు అతనిని కాదన్న సంఘములలోనే ఆ తరువాత సమాధి కార్యక్రమములలో ఆ పాట పాడకుండ జరుగలేదు. 1968లో మార్టిన్ లూథర్ కింగ్ భూస్థాపన నాడు మహాలియా జాక్సన్ పాడినది అదే.

అంత దూరము ఎందుకు? మన కీర్తనల పుస్తకము తెరచి చూడండి. అనేక పాటల తలమీద రాగము, తాళము అచ్చువేసియుంటాయి. పురుషోత్తమ చౌదరిగారు (1803-1890) మన దేశపు రాగములలో క్రీస్తు కీర్తనలు కట్టిన దినములలో అది కొత్త బాటయే. ఈనాడు ఆ కీర్తనలే మనకు పాతవి, ప్రియమైనవి. హార్మోనియము మాత్రము మన దేశపుదా? ఐరోపా నుండి వచ్చినది. దానిమీద మన రాగము సరిగా పలుకదని ఆకాశవాణివారు 1940 నుండి 1971 వరకు దానిని దూరముగా ఉంచారు. ఆ సంవత్సరములలోను మన పల్లె గుడులలో హార్మోనియము మ్రోగుతూనే ఉన్నది. ఈరోజు కీబోర్డు వద్దు, హార్మోనియమే ముద్దు అనేవారు ఈ సంగతి జ్ఞాపకము చేసికొనవలెను.

ఇంత చెప్పినందున మేము అబ్బాయి పక్షమే అనుకొనవద్దు. మరునాడు ఉదయము అతనిని వేపచెట్టు క్రింద కూర్చోబెట్టి ఒక మాట అడిగాము.

"బాబూ, క్రిస్మసు రోజున నీవు ఆ కార్డులు వేసినప్పుడు అవ్వల గొంతు విన్నావా?"

అతడు చాలాసేపు ఊరకున్నాడు. "లేదయ్యా. నా చేతులే చూసుకున్నాను" అన్నాడు.

"నీకు ఇష్టమైన ఆ శ్రీనివాస్ ఏమి చేశాడు? గురువు గొంతు విన్న తరువాతనే కదా తీగె మీటాడు. జాజ్ వాయించేవారు కూడా పక్కవాడు ఏమి వాయిస్తున్నాడో వినకపోతే ఆ పాట నిలుస్తుందా? చదువు రాని అవ్వకు కీర్తన ఒక్కటే పుస్తకము. వరుస మారిస్తే ఆమె చేతిలోని పుస్తకము లాగుకొన్నట్లే. కచేరిలో వాయించేవాడు ముందు, వినేవారు వెనుక. ఆరాధనలో అట్లు కాదు. పాడేవారు ముందు, వాయించేవాడు వారి వెనుక నడవాలి."

అతడు కోపపడలేదు. కన్నులు తుడుచుకొన్నాడు. "ఆ మాట నాకు ఎవ్వరూ చెప్పలేదయ్యా. ముట్టవద్దు అన్నారు గాని ఎందుకో చెప్పలేదు" అన్నాడు.

ప్రియులారా, ఆ మాట మాకు బాణమువలె తగిలింది. మన ఇండ్లలో, మన సంఘములలో "వద్దు" అనుట సులభము. "ఎందుకు వద్దు" అని చెప్పుటకు ప్రక్కన కూర్చోవాలి. ప్రక్కన కూర్చుంటే వాడు వినేది మనమూ వినవలసి వస్తుంది. దానికి మనకు ఓపిక లేదు.

మేము బయలుదేరే ముందు తండ్రి మిద్దె మీదికి వెళ్ళాడు. కొడుకు ప్రక్కన కూర్చొని, "ఏదిరా, ఆ పాలకొల్లు ఆయనది" అన్నాడు. కొడుకు ఇయర్ ఫోను ఇచ్చాడు. ఆయన కన్నులు మూసికొని విన్నాడు. పది నిమిషములు కదలలేదు. తరువాత తీసి, "నాకేం తెలియలేదు. చెయ్యి మాత్రం మంచి చెయ్యి" అన్నాడు. అంతే. ఆ ఒక్క మాటకు కొడుకు ముఖము వెలిగిన తీరు మేము మరచిపోలేము.

పెట్టెలోని క్లారినెట్ బయటికి తీశారు. ఊదే చోట పెట్టే పుల్ల ఎప్పుడో పాడైపోయింది. గుడ్డ చీకిపోయింది. అది ఇప్పుడు మ్రోగదు. మనుమడు దానిని తుడిచి అవ్వ మంచము ప్రక్కన గూటిలో పెట్టాడు.

అందరము కలిసి ఒక ఒప్పందము చేసికొన్నాము. ప్రతి శనివారము సాయంత్రము అవ్వ పాడుతుంది, మనుమడు ఆమె గొంతు వెనుక వాయిస్తాడు. ఆమె ఆగితే తానూ ఆగాలి. ఆమె సాగదీస్తే తానూ సాగదీయాలి. ఇట్లు పది కీర్తనలు ఆమె గొంతులోనుండి నేర్చుకొన్న తరువాత తండ్రి సంఘపెద్దల ముందు మాట్లాడుతాడు. పెద్దలు ఏమంటారో ఇంకా తెలియదు. ఒప్పుకొంటారని మేము మాట ఇవ్వలేదు. అబ్బాయి కూడా అడుగలేదు. మొన్న తల్లి ఫోను చేసి, నాలుగు కీర్తనలు అయినవని, అవ్వ మూడవ దానికి మనుమడిని ఏడుసార్లు మొదటికి తిప్పిందని చెప్పింది. ఆమె నవ్వు చాలా దినముల తరువాత విన్నాము.

ఇది చదివే తల్లిదండ్రులకు మా మనవి మూడు మాటలే. మీ పిల్లలు వినే పాటను తిట్టకముందు ఒక్కసారి వారి ప్రక్కన కూర్చొని చివరివరకు వినండి. నచ్చకపోతే నచ్చలేదని చెప్పండి, తప్పు లేదు. మాకును మొదట నచ్చలేదు. రెండవది, ఆ పాట ఎవరిది, వారు ఎక్కడివారు, ఎట్లు నేర్చుకొన్నారు అని అడగండి. చెడ్డ పాటయైతే ఆ ప్రశ్నల దగ్గరనే తేలిపోతుంది. మంచిదైతే మీకు ఒక కొత్త సంగతి తెలుస్తుంది. మూడవది, వద్దు అనవలసి వచ్చినప్పుడు కారణము చెప్పండి. కారణము చెప్పలేకపోతే ఆ వద్దును మరల ఒకసారి ఆలోచించండి.

యౌవనులకు ఒక్క మాట. మీకు దొరికిన పాట ఎంత గొప్పదైనను, మీ ఇంటిలోని అవ్వ గొంతు దానికంటె ముందు మీకు ఇవ్వబడినది. ఆమె ఉన్నప్పుడే నేర్చుకొనండి. సౌలు మనసు కలత చెందినప్పుడు వాయించుటకు పిలిపించబడిన దావీదు కూడా, ముందు తండ్రి గొఱ్ఱెల దగ్గర వినుట నేర్చుకొన్నవాడే అని మేము తలుస్తాము.

మీ ఇంటిలోను పెట్టెలో చుట్టిపెట్టిన వాద్యము ఏదైనా ఉన్నదేమో ఒకసారి చూడండి. ప్రభువు మీ గృహములను సమాధానముతో నింపునుగాక.